మూడో కమాను గానుగత్త

పొద్దున ఆరు కూడా కాలేదు. బయట ముసురు. గొడుగు వేస్తే జనం నవ్వుతారు, వేయకపోతే చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, అలాంటి సన్న తుంపర. అతని కడుపులో మాత్రం తుంపర కాదు, ఉరుములతో కూడిన వాన. రాత్రి ఒళ్ళునొప్పులతో తినకుండానే పడుకున్నాడు. లేచి గిన్నెల మీద మూతలు తీసి చూస్తే ఒక్కో గిన్నె ఒక్కో అద్దంలా తళతళలాడుతోంది.

"గ్యాస్ నిన్ననే అయిపోయింది," అంది పెళ్ళాం దుప్పట్లోంచే. "అమ్మ దగ్గర తినేసి పనిలోకి దిగు."

"మీ అమ్మ దగ్గర తినడం కంటే పస్తు నయం. ముద్దకో మాట వడ్డిస్తుంది."

"మాటలు అరగకపోతే నీళ్ళు తాగు. ముందు వెళ్ళు."

వెళ్ళాడు. ఆకలి ముందు రోషం ఎంతసేపు నిలబడుతుంది?

ఆ ఊరికి రెండు ముఖాలు. కొత్త ముఖం బస్టాండు వైపు, పాత ముఖం నది వైపు. నది వైపు నుంచి చూస్తే ముందు పొడుగాటి రాతి మెట్లు, వాటి పక్కన పడవల సుంకం వసూలు చేసిన పాత కచేరీ, దాని నెత్తిన గడియారం లేని గడియార స్తంభం, ఆ తర్వాత ఒడ్డంతా పరుచుకున్న కమానుల వరుస. కమానుల మీద రోడ్డు, రోడ్డు మీద బస్సులు. ఎప్పటివాడో ఒక రాజు సరుకు దాచడానికి కట్టించాడట. ఒక దాంట్లో ఉప్పు, ఒక దాంట్లో కలప, ఒక దాంట్లో ధాన్యం. వరుసలో మూడో దాంట్లో సున్నం. ఒడ్డున కనిపించే ప్రతి రాయినీ పక్క రాయితో కలిపి పట్టుకున్న సున్నం ఆ మూడో కమానులోని గానుగలోనే నలిగింది.

ఆ గానుగ ఇప్పటికీ అక్కడే ఉంది. గుండ్రటి రాతి కాలువ, అందులో తిరిగే రాతి చక్రం. దాన్ని తిప్పే మనిషి అతని అత్త. ఒడ్డున అందరికీ గానుగత్తే. పుట్టింది ఆ కమానులో, పెళ్ళై కాపురం పెట్టింది ఆ కమానులో, మొగుడు పోయాక ఉండిపోయిందీ ఆ కమానులోనే. ముందు సగం పని, వెనక సగం ఇల్లు. పాత కట్టడాల మరమ్మతు ఎక్కడ జరిగినా సున్నం ఆమెదే. సిమెంటు పనులు ఆగిపోయి అతను కూడా ఆమె దగ్గరే కూలికి చేరాడు. అల్లుడికి ఎక్కడైనా పీట వేస్తారు. ఇక్కడ తట్ట ఇస్తారు.

"రండి అల్లుడుగారూ," అంది గానుగత్త, అతన్ని గుమ్మంలో చూసి. "ఆకలి పట్టుకొచ్చిందా, ప్రేమ పట్టుకొచ్చిందా?"

"మీ అమ్మాయి పంపింది."

"అయితే ఆకలే. కూర్చో. ఆ మోకాళ్ళు చప్పుడు చేయకుండా వంగవా నీకు? తలుపు మడతబందు లాగా ఉన్నావు."

కంచం నిండా అన్నం పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో పైకప్పు నుంచి చిటికెడు మట్టి రాలి కంచంలో పడింది. ఇద్దరూ తలెత్తి చూశారు. కమాను నడినెత్తిన, రెండు రాళ్ళ మధ్య, వేలు పట్టేంత బీట. పైన బస్సు వెళ్ళినప్పుడల్లా అది నోరు తెరిచి మూసుకున్నట్టుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"నువ్వు తిను," అంది ఆమె. జవాబు చెప్పని ప్రశ్నలు ఆమె దగ్గర చాలా తక్కువ.

తినడం అయ్యేసరికి ఇంజినీరమ్మ వచ్చింది. పాత కట్టడాల బాధ్యత ఆ అమ్మాయిదే. తడిసిన బూట్లతో లోపలికి వచ్చి, టార్చి వేసి బీటను చూసింది, గోడకు చెయ్యి ఆనించి పైన ఒక బస్సు వెళ్ళేదాకా ఆగింది. తర్వాత గానుగత్త పక్కనే నేల మీద కూర్చుంది.

"అత్తా, ఇది ఇలా ఉంచడానికి లేదు. మొదటి రెండు కమానుల్ని ఏం చేశారో తెలుసుగా?"

అందరికీ తెలుసు. కాంక్రీటు పోసి మూసేశారు. నోట్లో గుడ్డలు కుక్కిన మనుషుల్లా ఉంటాయి ఆ రెండూ.

"గానుగ?" అంది గానుగత్త.

"రాయి భూమిలోకి దిగి ఉంది కదా. కదిలిస్తే పగులుతుంది. లోపలే పూడిపోతుంది."

గానుగత్త రాతి చక్రం మీద చెయ్యి వేసింది. "చూడమ్మా. ఇల్లు పోతే ఇంకో ఇల్లు. గానుగ పూడిస్తే మాత్రం ఈ ఒడ్డున నేనెవర్ని? ఒక ముసలిదాన్ని. ముసలివాళ్ళు ఊళ్ళో బోలెడంత మంది ఉన్నారు."

ఇంజినీరమ్మ చాలాసేపు లెక్కలు వేసుకుంది. చివరికి దారి ఒకటి చెప్పింది. కింద దుంగలు ఆనించి, కదిలిన రాళ్ళు తీసి మళ్ళీ కూర్చోబెట్టి, సందులన్నీ తవ్వి కొత్త సున్నం నింపాలి. నది పొంగేలోపు సున్నం గట్టిపడాలి. గట్టిపడితే కమాను ఉంటుంది. మెత్తగా ఉంటే నీళ్ళు దాన్ని నాకేస్తాయి, అప్పుడిక కాంక్రీటే. "పై ఆఫీసులో నా మాట ఒక్కసారే చెల్లుతుంది అత్తా. రెండోసారి అడగలేను."

"ఒక్కసారి చాలు."

"పని అయ్యేదాకా మాత్రం మీరిక్కడ పడుకోకూడదు. ఎక్కడుంటారు?"

గానుగత్త తిరిగి అల్లుడి వైపు చూసింది. అతని నోట్లో పోసుకున్న నీళ్ళు అక్కడే ఆగిపోయాయి.

* * *

అతని ఇల్లు ఒక గది, ఒక వసారా. గదిలో మంచం వేస్తే మనిషి పట్టడు, మనిషి నిలబడితే మంచం పట్టదు. అందులోకి గానుగత్త తన రేకు పెట్టె, నీళ్ళ బిందె, మాటలు తీసుకుని వచ్చింది. మొదటి రెండూ ఒక మూలలో సర్దుకున్నాయి. మూడోదానికి ఇల్లు చాలలేదు.

పొద్దున్నే మొదలు. "ఈ గోడకి సున్నం వేసిందెవరు? చేతులతో వేశాడా, కాళ్ళతో వేశాడా?" అతను "నేనే," అనేవాడు. "అదే అనుకున్నా." అన్నం తింటుంటే, "ఇల్లు ఉత్తరానికి ఒరిగింది, పప్పు చూడు అటే పారుతోంది." పక్కింటావిడతో, ఎదురింటాయనతో, దారిన పోయే పాలవాడితో, ఎవరూ దొరక్కపోతే బిందెతో మాట్లాడేది.

ఒడ్డున సున్నపురాయి తెచ్చే పడవాయనకు ఇది మంచి కాలక్షేపం అయింది. ఆయనా గానుగత్తా ముప్ఫయ్యేళ్ళుగా పోట్లాడుకుంటున్నారు, ఒక్కరోజు మానితే ఇద్దరికీ ఒంట్లో బాగోదు. అల్లుడు బస్తాలు మోస్తుంటే పడవలోంచి అరిచేవాడు:

"ఇల్లరికం అల్లుణ్ణి చూశాం గానీ, ఇల్లరికం అత్తని ఇప్పుడే చూస్తున్నాం. ఎలా ఉంది కాపురం?"

"నువ్వే తీసుకెళ్ళరాదూ పడవలో, ఖాళీగానే పోతావుగా."

"అమ్మో, పడవ మునుగుతుంది. మనిషి బరువుకి కాదు, మాట బరువుకి."

"వినపడుతోంది," అనేది కమానులోంచి గానుగత్త. "మునిగితే నీ లోకజ్ఞానం పట్టుకో, తేలుతావు. అంత తేలిక అది."

అలా ఆ కమాను నిలబడాలని ఊళ్ళో అందరికంటే ఎక్కువ కోరుకున్నవాడు అతనే అయ్యాడు. చరిత్ర కోసం కాదు, రాజు కోసం కాదు. కమాను నిలిస్తే అత్త కమానులో ఉంటుంది. కూలితే తన ఇంట్లోనే. లెక్క అంత సులువు. రోజూ అందరికంటే ముందు వచ్చేవాడు. ఇద్దరు మోసే రాయి ఒక్కడే ఎత్తబోయేవాడు. "ఏంటే, మీ ఆయనకి ఉన్నట్టుండి పాత కట్టడాల మీద ఇంత ప్రేమ?" అని గానుగత్త కూతుర్ని అడిగేది. కూతురు నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగేది.

పని బాగా సాగింది. కదిలిన రాళ్ళు దించారు. ఒక రాయి వెనక పక్షి గూడు దొరికింది, ఇంకో రాయికి అంటిన పాత సున్నం మీద అప్పటి తాపీవాడెవడో అరచెయ్యి ముద్ర వదిలేసి పోయాడు. ఆ ముద్రలో అతను తన చెయ్యి పెట్టి చూశాడు, సరిగ్గా సరిపోయింది. ఎందుకో సంతోషం వేసింది. రాళ్ళన్నీ మళ్ళీ కూర్చున్నాయి. సందుల్లో కొత్త సున్నం నిండింది. గానుగత్త తడి గోనెలు తెచ్చి కమాను లోపలంతా కప్పించి, పూటకోసారి నీళ్ళు కొట్టించింది.

"సున్నం పసిపిల్ల లాంటిది. తొందరపెడితే నడవదు. తడిగా ఉంచాలి, నిదానంగా గట్టిపడనివ్వాలి," అంది.

అతను సిమెంటులో పెరిగిన మనిషి. సిమెంటుకి కూడా నీళ్ళు కొడతారు, కొన్నాళ్ళు కొట్టి వదిలేస్తారు. ఇక్కడ వారాలు గడుస్తున్నా గోనెలు తీయరు. రోజూ తడుపుతుంటే ఇంకెప్పుడు ఆరుతుంది? ఎప్పుడు గట్టిపడుతుంది? అత్త ఎప్పుడు వెళుతుంది?

ఒక సెలవు రోజు గానుగత్త పడవాయనతో ఎగువకి వెళ్ళింది, సున్నపు బట్టీల దగ్గర రాయి ఏరుకోవడానికి. "గోనెలు తడపడం మర్చిపోకు అల్లుడూ," అని అతనికి అప్పగించి మరీ వెళ్ళింది.

పడవ వంపు తిరిగేదాకా చూశాడు. తర్వాత గోనెలన్నీ తీసి మడతపెట్టాడు. ఇంటి నుంచి ఒక కుంపటి, టీ కొట్టు నుంచి ఇంకో రెండు తెచ్చి, నిండా బొగ్గులు పోసి దుంగల మధ్య పెట్టాడు. మధ్యాహ్నానికి కమాను లోపల రొట్టెల బట్టీలా అయింది. సాయంత్రానికి సందులు తెల్లగా, పొడిగా, చూడముచ్చటగా ఉన్నాయి. చొక్కా విప్పి భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి తన పని తానే చూసుకున్నాడు. ఇన్నేళ్ళ కూలిలో ఇంత తెలివైన పని చేసిన గుర్తు లేదు.

పొద్దుగూకే ముందు పడవ వచ్చింది. గానుగత్త లోపలికి వచ్చి కుంపట్లు చూసింది. మడతపెట్టిన గోనెలు చూసింది. దగ్గర్లోని సందులో బొటనవేలి గోరు పెట్టి నొక్కింది. సున్నం పిండిలా జలజలా రాలింది.

ఇంకో సందు. అదీ పిండే.

ఆమె గోరుకి అంటిన పొడి దులుపుకుంది, అంతే. అతనికి అప్పుడు భయం వేసింది. తిడితే బాగుండు అనుకున్నాడు. అంతవరకు ఎవరి తిట్ల కోసమూ అతను అంత ఎదురుచూసి ఎరగడు.

"ఎందుకు చేశావు?"

"ఆరుతుందని."

"ఆరితే?"

"తొందరగా పని అయిపోతుందని."

"అయిపోతే?"

అతను కుంపటి వైపు చూశాడు. కుంపటి కూడా సాయం చేయలేదు.

"తొందరగా నేను పోతానని," అంది గానుగత్త. కాసేపు అతని ముఖంలోకి చూసింది. పెదవులు బిగబట్టింది, ఆపుకోలేకపోయింది, గానుగ రాయి మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓరి నా తండ్రీ. నన్ను పంపడానికి నువ్వు వెలిగించిన కుంపటికి, ఇంకో రెండు నెలలు నేను మీ ఇంట్లోనే ఉండాలి. ఇది ఎవడికైనా చేతనవుతుందా? నీకు తప్ప?"

గుమ్మంలో పడవాయన తలపాగా తీసి అతనికి వంగి నమస్కారం పెట్టాడు.

* * *

మర్నాడు గానుగత్తే వెళ్ళి ఇంజినీరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ అమ్మాయి వచ్చి చూసి, మాడిన సందులు రెండు వేళ్ళ లోతు గీకి మళ్ళీ నింపాలంది. నది పొంగడానికి ఎక్కువ రోజులు లేవు. మామూలు సున్నం అప్పటికి గట్టిపడదు.

"ఇటుక పొడి వంతు పెంచుదాం అత్తా. తడిలో కూడా బిగుస్తుంది."

"మా అమ్మ ఎప్పుడూ అంత వేయలేదు," అంది గానుగత్త మొండిగా.

"మీ అమ్మగారి అల్లుడు ఎప్పుడూ కుంపట్లు పెట్టలేదు కదా."

ఆ అల్లుడు ఎవరో కాదు, తన మొగుడే. "ఆయనకి అంత తెలివి లేదులే పాపం," అని గానుగత్త కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇటుక పొడి పెంచింది. ఒక చిన్న ముద్ద చేసి నీళ్ళ గిన్నెలో వేసి ఉంచితే, కొన్నాళ్ళకి గులకరాయిలా అయింది. "చదువుకున్న పిల్ల మాట నిజమే," అని ఆ గులకరాయిని ఒడ్డున కనబడిన ప్రతివాడికీ చూపించింది, తనే కనిపెట్టినట్టు.

ఇక కూలివాళ్ళు చాలలేదు. పెళ్ళాం వంట మానేసి వచ్చి గానుగ తిప్పింది. పడవాయన పడవ కట్టేసి వచ్చి సందులు గీకాడు, గీకినంతసేపూ గానుగత్త చేత తిట్లు తిన్నాడు. అతను పరంజా మీద వెల్లకిలా పడుకుని నడినెత్తి సందులు పూస్తుంటే సున్నం కళ్ళ మీద, మీసాల మీద కారేది. కింద నుంచి అత్త:

"అల్లుడూ, రాయికి పెడుతున్నావా, నీ ముఖానికి పెడుతున్నావా? రాయే అందంగా ఉందిలే, దానికే పెట్టు."

"అత్తా, ఇంకో మాట అంటే కుంపటి తెస్తా."

కమాను అంతా గొల్లుమంది. అంతమంది నవ్వు ఆ కమాను విని ఎన్నాళ్ళయిందో.

సాయంత్రాలు ముగ్గురూ కలిసే ఇంటికి నడిచేవాళ్ళు. అత్త దారి పొడుగునా కట్టడాలు చూపించేది. కచేరీ గోడ మీద పెద్ద వరద వచ్చినప్పటి గీత, మనిషి తలకంటే ఎత్తున. పడవలు కట్టే ఇనప కడియాలు, తాళ్ళు ఒరిసి ఒరిసి ఒక పక్క సన్నబడ్డాయి. "ఈ మెట్లలో మూడు మెట్లు మా తాత వేసినవి. ఏవో చెప్పుకో." అతను కాసేపు చూసి వంకరగా ఉన్న మూడు చూపించేవాడు. "ఆ, అవే," అనేది గర్వంగా.

ఇంట్లో అతని మోకాళ్ళ సంగతి ఆమే పట్టించుకుంది. పొయ్యి మీద ఇటుక వేడి చేసి, గుడ్డలో చుట్టి, పడుకోబోయే ముందు అతని మోకాళ్ళ కిందకి తోసేది. "వద్దత్తా, బాగోదు," అనేవాడు. "బాగోనిది నీ నడక. పడుకో." ఇటుక వేడికి అతనికి హాయిగా నిద్ర పట్టేది. ఆమె కూతురితో గుసగుసగా చెప్పే కబుర్లు సగం వింటూ నిద్రపోవడం అతనికి ఎప్పుడు అలవాటైందో అతనికే తెలియదు.

నది పొంగింది. ఎర్రటి నీళ్ళు మెట్లు ఒక్కొక్కటే మింగుతూ పైకొచ్చి, కమానుల్లోకి నడుము లోతు దూరాయి. ఊళ్ళో సగంమంది రోడ్డు పిట్టగోడ దగ్గర నిలబడి చూశారు. గానుగత్త వాళ్ళ మధ్య చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె పక్కన అతను. ఆ నీళ్ళ కింద అత్త గానుగ ఉంది. నీళ్ళు తాకుతున్న గోడల్లో అతను పూసిన సందులున్నాయి. అత్త ఇంట్లో ఉంటుందా, వెళుతుందా అన్న మాట ఆ క్షణాన అతనికి గుర్తే రాలేదు. ఆగు తల్లీ, పట్టుకో, అని లోపల్లోపల కమానుతోనే మాట్లాడుతున్నాడు.

నీళ్ళు తగ్గాక, బురద ఇంకా మోకాలి లోతు ఉండగానే గానుగత్త చీర ఎగ్గట్టి లోపలికి దిగింది. వెనక అల్లుడు, ఇంజినీరమ్మ, పడవాయన. కుంపటికి మాడిన చోటనే, సందులో బొటనవేలి గోరు పెట్టి గట్టిగా నొక్కింది.

టక్కుమంది.

"ఏమైందత్తా?" అంది ఇంజినీరమ్మ కంగారుగా.

గానుగత్త వెనక్కి తిరిగి బొటనవేలు ఎత్తి చూపించింది. గోరు సగానికి విరిగింది. సందు చెక్కుచెదరలేదు. ఆ విరిగిన గోరుని ఆమె కొత్త ఉంగరంలా అందరి ముందుకీ చాపింది. ఇంజినీరమ్మ బురదలోనే ఆమెను కౌగిలించుకుంది. పడవాయన, "పాపం ఆ కమానుకి దెబ్బ తగిలిందేమో చూడండి," అని తిట్టు తిన్నాడు.

* * *

బురద ఎత్తిపోసి, దుంగలు తీసి, తలుపు మళ్ళీ బిగించేసరికి కొన్నాళ్ళు పట్టింది. ఇంజినీరమ్మ వచ్చి, "ఇక ఎప్పుడైనా వెళ్ళొచ్చు అత్తా," అని చెప్పి వెళ్ళింది. ఆ మాట విని గానుగత్త ఊ కొట్టింది. ఆ రాత్రి ఆ ఊసు ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు.

మూడో రోజు సాయంత్రం అతను పనిలోంచి ఒక్కడే ఇంటికి నడుస్తున్నాడు. వాన వెలిసి ఆకాశం శుభ్రంగా ఉంది. దారంతా ఒక మాట కూడబలుక్కుంటూ నడిచాడు. "అత్తా, పొద్దున వెళ్ళి గానుగ తిప్పుకో, సాయంత్రానికి ఇక్కడికే వచ్చేయ్." అలా అంటే మరీ ప్రేమగా ఉంది. "నీ కూతురికి తోచదంట." అది అబద్ధం. "అక్కడ తేమ, నీ ఒంటికి మంచిది కాదు." అరవై ఏళ్ళుగా ఆ తేమలోనే ఉన్న మనిషి, నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, అనుకుంటూ గుమ్మం ఎక్కాడు.

మూలలో రేకు పెట్టె లేదు. బిందె లేదు. పెళ్ళాం గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"అమ్మ ఏది?"

"వెళ్ళిపోయింది. నేను పంపు దగ్గర్నుంచి వచ్చేసరికి లేదు. పడవాయన వచ్చి పెట్టె మోసుకెళ్ళాడని పక్కింటావిడ చెప్పింది."

"నీకు చెప్పలేదా?"

"నాకూ చెప్పలేదు."

"పొయ్యి మీద పాలు పొంగినా పది మందికి చెప్పే మనిషి, ఒక్క మాట చెప్పకుండా ఎలా పోతుంది?" అతనికి నిజంగానే కోపం వచ్చింది. "నేను ఉండమందామనుకున్నాను."

"తెలుసు. అమ్మకీ తెలుసు. రెండ్రోజుల నుంచి నువ్వు నోరు తెరవడం, మూయడం చూస్తూనే ఉన్నాం. నువ్వు ఉండమంటే కాదనలేకపోతుంది. అనకపోతే బాధపడుతుంది. ఆ రెండూ లేకుండా వెళ్ళిపోయింది."

అతను మళ్ళీ ఒక కాలు చెప్పులో దూర్చాడు.

"ఎక్కడికి?"

"అడగడానికి. చెప్పకుండా పోవడమేంటి? మర్యాదేనా?"

"ఇవాళ వద్దు," అంది పెళ్ళాం, ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరి. "ఇవాళ్టికి ఒంటరిగా ఉండనీ. పాపం, ఇన్నాళ్ళూ మనల్ని భరించింది."

అతను ఒక చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. ఆ మాట లోపలికి దిగడానికి కొంచెం సమయం పట్టింది. దిగాక, గడప మీద ఆమె పక్కన చోటు చేసుకుని కూర్చుని, నవ్వడం మొదలుపెట్టాడు.